తిరిగి ఎక్కడికి రావాలి: ఒక నింపాది సినిమా ఎడిటింగ్ కేసు

దర్శకుడు హార్డ్ డిస్కు పట్టుకుని నా గదికి వచ్చేనాటికి సినిమా నిడివి 132 నిమిషాలు. అందులో 74 నిమిషాల పాటు జాజ్ మోగుతూనే ఉంది. కథ లేదు, మాటలు బాగా తక్కువ. విజయవాడ వన్‌టౌన్‌లో, కొండవాలు సందుల్లో బతికే నలుగురి రోజువారీ పనులే సినిమా: ఇస్త్రీ బండి నడిపే ఒకావిడ, గూడ్స్ గార్డుగా చేసి రిటైరైన పెద్దాయన, జాకెట్లు కుట్టే టైలరు, గ్రూప్స్ పరీక్షకు చదువుకునే అమ్మాయి.

"సినిమా నెమ్మదిగానే ఉండాలి సార్. కానీ చూసేవాళ్లకు విసుగు రాకూడదు" అన్నాడు. నాకు అప్పగించిన పని ఆ రెండు వాక్యాలే.

ఎవరినీ గుర్తుపట్టే వీలు లేకుండా కొన్ని వివరాలు మార్చాను. సినిమా పేరు, వాద్యకారుల పేర్లు, డబ్బు పెట్టినవారి సంగతి చెప్పను. ఊరు మాత్రం మార్చలేదు. ఈ సినిమాలోంచి ఊరు తీసేస్తే మిగిలేది ఏమీ లేదు.

నేపథ్యం

నేను ఇరవై రెండేళ్లుగా ఎడిటర్‌ని. అందులో పదిహేనేళ్లు హైదరాబాదులో మామూలు కమర్షియల్ సినిమాలు కోశాను. ఇప్పుడు విజయవాడలోనే ఉండి పెళ్లి వీడియోలు, డాక్యుమెంటరీలు, అప్పుడప్పుడూ ఇలాంటి సొంత డబ్బు సినిమాలు చేస్తున్నాను. నెమ్మది సినిమాల భక్తుణ్ణి కాను. ఆ పేరుతో వచ్చే వాటిలో సగం, ఏ షాట్ ఎక్కడ ఆపాలో తెలియక పొడుగైనవే అని నా అభిప్రాయం. జాజ్ గురించి తెలిసిందీ తక్కువే. చిన్నప్పుడు ఐదేళ్లు మృదంగం నేర్చుకుని వదిలేశాను. విద్య పోయింది, తాళం లెక్క మాత్రం వేళ్లలో మిగిలింది.

దర్శకుడు ముప్పై దాటినవాడు. నగల దుకాణాలకూ పట్టుచీరల దుకాణాలకూ ప్రకటనలు తీసి కూడబెట్టిన డబ్బుతో, ఒకే కెమెరాతో, పదకొండు నెలల్లో వీలు దొరికిన 63 రోజులు తీశాడు. సంగీతానికి జాజే ఎందుకని అడిగితే అతను చెప్పిన జవాబు నాకు నచ్చింది. ఇస్త్రీ ఆవిడ రోజూ అదే పని చేస్తుంది, కానీ ఏ రోజూ నిన్నటిలా చేయదు. జాజ్ వాద్యకారుడూ అంతే. బాణీ అదే, ప్రతిసారీ వాయించే తీరు వేరు.

ఈ సినిమాకు కొంత డబ్బు పెట్టిన బంధువు "మన సందుల్లో ఈ విదేశీ గోల ఏమిటి" అన్నప్పుడు కూడా అతని దగ్గర సమాధానం ఉంది. 1930ల నుంచీ బొంబాయి హోటళ్లలో జాజ్ మోగింది. అక్కడ వాయించిన గోవా వాద్యకారులు ఎందరో హిందీ సినిమా వాద్యబృందాల్లో చేరారు. మన క్లబ్బు పాటల్లో వినబడే ట్రంపెట్టుకూ శాక్సోఫోనుకూ ఆ చుట్టరికం ఉంది. అతని వాదనలో తప్పు లేదు. అయితే ఆ చుట్టరికమే తర్వాత మా కాళ్లకు అడ్డం పడింది.

సమస్య ఎలా బయటపడింది

నేను మొదటిసారి సినిమా చూసి ఏమీ చెప్పలేదు. బాగాలేదని తెలిసింది. ఎందుకు బాగాలేదో తెలియలేదు. అలాంటప్పుడు నా సొంత అభిప్రాయం మీద పని మొదలుపెట్టను, పది మందికి వేసి చూపిస్తాను. సత్యనారాయణపురంలో తెలిసినవారి ట్యూషన్ గది ఒక ఆదివారం దొరికింది. పన్నెండు మంది వచ్చారు: ఇద్దరు లెక్చరర్లు, ఒక మెడికల్ దుకాణం ఆయన, డిగ్రీ పిల్లలు, మా వీధి పెద్దలు.

అప్పుడు నేను తెర వైపు చూడను. గోడకు చేరగిలి, చీకట్లో జనం వైపు చూస్తాను. ఎవరి ఫోను వెలిగినా, ఎవరు కుర్చీలో సర్దుకున్నా ఆ నిమిషం, సెకను నోటుబుక్కులో రాసుకుంటాను. సినిమా అయ్యాక మనుషులు చెప్పే మాటల్లో మర్యాద కలుస్తుంది. ఫోను వెలుగులో మర్యాద ఉండదు.

నేను ఊహించింది ఒకటి, జరిగింది ఇంకొకటి. పొడుగు షాట్ల దగ్గర ఫోన్లు వెలుగుతాయనుకున్నాను. రెండు నిమిషాల పది సెకన్లు కదలని షాట్ ఒకటి ఉంది, గార్డు గారు పాత టార్చిలైటు విప్పి తుడిచి మళ్లీ బిగించేది. అక్కడ ఒక్క ఫోనూ వెలగలేదు. కానీ పియానో మొదలైన ఇరవై సెకన్లలోపు మూడో నాలుగో వెలిగేవి. నోటుబుక్కును టైమ్‌లైన్ పక్కన పెట్టి చూస్తే, వెలిగిన 31 సార్లలో 24 సార్లు సంగీతం మొదలైన వెంటనే.

కారణం మన అలవాటులో ఉంది. మాటలు ఆగి సంగీతం వచ్చిందంటే మన ప్రేక్షకుడికి అర్థం ఒక్కటే: ఇప్పుడు కొంతకాలం గడిచిపోతుంది, ఏమీ జరగదు, సోడా తాగి రావచ్చు. పాట రాగానే బయటికి లేచి వెళ్లిన తరాల చెవులు అవి. నలుగురి జీవితాల్లోని నిమిషాలను ఉన్నవి ఉన్నట్లు అనుభవింపజేయాలని దర్శకుడి కోరిక. సంగీతమేమో ఆ నిమిషాలను చుట్టేసి "దాటించేయండి" అంటోంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. శాక్సోఫోను మొదలైనప్పుడల్లా మా వీధి పెద్దాయన ఒకరు ముందుకు వంగేవారు. అయిపోయాక నన్ను పక్కకు పిలిచి, "క్లబ్బు డాన్సు వస్తుందనుకున్నాను బాబూ, రాలేదు" అన్నారు. నవ్వు వచ్చింది. కానీ ఆయన తప్పేమీ లేదు. నలభై ఏళ్లు ఆ వాద్యానికి మన సినిమాలు నేర్పిన అర్థం అదే.

చేసి చూసినవి, చెడినవి

మొదట చేసింది దర్శకుడి కోరిక మీద: కట్‌లను, అంటే షాట్ మారే చోట్లను, సంగీతం దెబ్బల మీదికి తెచ్చాం. సెకనుకు 24 ఫ్రేములు. సంగీతం నిమిషానికి 120 దెబ్బల వేగంలో ఉంటే దెబ్బకు సరిగ్గా 12 ఫ్రేములు వస్తాయి, కోయడం తేలిక. నిమిషానికి 100 అయితే 14.4. ఆ 0.4 ఎక్కడా ఇమడదు, దాన్ని కట్‌కు కట్‌కు మధ్య పంచుకుంటూ పోవాలి. పైగా జాజ్ వాద్యకారులు దెబ్బ మీదే పడరు, కావాలని ఒక వెంట్రుకవాసి వెనకగా పడతారు. నాలుగు రోజులు ఈ లెక్కలతో కుస్తీ పట్టాను. ఫలితం చూడటానికి చక్కగా ఉంది. చక్కగా ఉండటమే దాని జబ్బు. షట్టరు, టీ గ్లాసు, కుట్టుమిషను చక్రం, అన్నీ తాళానికి కదులుతుంటే అదేదో పర్యాటక ప్రకటనలా తయారైంది. దర్శకుడే మొదట ఆ మాట అన్నాడు. ప్రకటనలు తీసినవాడు కదా, ఆ వాసన వెంటనే పట్టాడు.

ఈ దశలోనే అతనికి ఎంతో ఇష్టమైన ఒక జోడీ పోయింది. ఇస్త్రీ ఆవిడ పెట్టె తోసే తీరు ఐదు లెక్కలో ఉందనీ, అందుకే దాని కింద అమెరికన్ జాజ్ పియానో వాద్యకారుడు డేవ్ బ్రూబెక్ బృందం 1959లో విడుదల చేసిన ఐదు దెబ్బల బాణీ 'టేక్ ఫైవ్' వేశాననీ చెప్పాడు. నేను లెక్కపెట్టి చూశాను. ఒక చొక్కాకు మాత్రం ఐదు తోపులకు ఒకసారి పెట్టె కింద పెట్టింది. తర్వాతి చొక్కాకు నాలుగు. చీరకు ఏడు, తొమ్మిది, మళ్లీ ఏడు. ఐదు మాత్రలంటే మనకు ఖండచాపు గుర్తుకొస్తుంది, అది రెండూ మూడుగా విరుగుతుంది. ఆ బాణీలో పియానో మూడూ రెండుగా విరుస్తుంది. ఆవిడ చెయ్యి ఈ రెండు లెక్కల్లోనూ లేదు. గుడ్డ ఎంత నలిగిందో దాన్ని బట్టి కదులుతుంది. సంగీతం కింద పెట్టగానే ఆవిడ చెయ్యి తప్పుతున్నట్లు కనబడింది. నిజానికి ఆ సినిమాలో తప్పనిది ఆ చెయ్యి ఒక్కటే.

రెండోది నా ఆలోచన. దాన్ని మొహమాటం లేకుండా రాయాలి. నిడివి తగ్గిద్దామన్నాను. 380 షాట్లలో దేన్నీ తీసేయకుండా, ప్రతి దానికీ ముందూ వెనకా చెక్కి 132 నిమిషాలను 96కు తెచ్చాను. సగటు షాట్ దాదాపు 21 సెకన్ల నుంచి 15కు దిగింది. మళ్లీ చూస్తే 96 నిమిషాల సినిమా 132 నిమిషాల దానికన్నా పొడుగ్గా అనిపించింది.

ఇది నాకు తెలిసి ఉండాల్సిన సంగతి. కదలని షాట్‌ను చూసే మనిషి మూడు మెట్లు ఎక్కుతాడు. మొదట ఏమిటో గుర్తుపడతాడు, దానికి నాలుగైదు సెకన్లు చాలు. తర్వాత విసుగు వస్తుంది. ఆ విసుగు దాటితే మళ్లీ చూడటం మొదలుపెడతాడు. అప్పుడే గార్డు గారి చూపుడువేలి గోరు నల్లగా ఉందని, వెనక గోడ మీది క్యాలెండరులో నెల మారలేదని కనబడుతుంది. 40 సెకన్ల షాట్‌ను 15కు కోస్తే నేను మిగిల్చింది సరిగ్గా విసుగు మెట్టు వరకే. ఎక్కించిన మెట్టు మీద నిలబెట్టి, దాటనివ్వకుండా ఇంకో షాట్‌కు తోసేశాను. అలా 380 సార్లు. కమర్షియల్ సినిమాలో నిడివి తగ్గించడం వైద్యం. ఇక్కడ అదే జబ్బును పెంచింది.

డబ్బు పెట్టిన బంధువు సలహాలు రెండు: వెనకనుంచి కథ చెప్పే గొంతు పెట్టడం, జాజ్ తీసేసి వయొలిన్ వేయడం. గొంతు పెట్టి ఒక రీలు చూశాం, ఆకాశవాణి డాక్యుమెంటరీ అయింది. వయొలిన్‌తో అంతా పుణ్యక్షేత్రంగా మారింది. ఇస్త్రీ ఆవిడ చుట్టూ కాంతివలయం ఒక్కటే తక్కువ.

క్లారినెట్టు ఆయన అడిగిన ప్రశ్న

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి. చెడిపోయిన ఈ ప్రయత్నం నుంచే దారి దొరికింది.

దర్శకుడికి ఒక ఊహ వచ్చింది. మన పెళ్లి బ్యాండు మేళంలో క్లారినెట్టు ఉంది. అది జాజ్‌లోనూ ఉంది. ఊరి వాద్యకారుడి చేత ఊరి సందుల కోసం జాజ్‌లా వాయిస్తే రెండూ కలుస్తాయి కదా! వినడానికి గొప్ప ఊహ. పత్రికలవాళ్లకు చెప్పుకోవడానికి మరీ గొప్పది. నాకు అనుమానం ఉన్నా కాదనలేదు, ఎందుకంటే నా ప్రయత్నం అప్పటికే బోల్తా పడింది.

అరవై ఏళ్ల క్లారినెట్టు విద్వాంసుడు ఒకాయన వచ్చారు. ఆయన వాద్యంలో ఊపిరి తీసుకునే చోటు కూడా వినసొంపుగా ఉంటుంది. తెర మీద దృశ్యం వేసి, "మీ మనసుకు తోచింది వాయించండి" అన్నాం. ఆయన కాసేపు చూసి, "ఏ పాటండీ?" అన్నారు. పాటేమీ లేదు, స్వేచ్ఛగా వాయించమన్నాం. ఆయన హంసధ్వని ఎత్తుకుని ఒక నిమిషం వాయించి ఆపేశారు. ఇబ్బందిగా నవ్వి, "అలా కాదు బాబూ. ఎంతసేపైనా తిరుగుతాను. తిరిగి ఎక్కడికి రావాలో చెప్పండి" అన్నారు.

మా దగ్గర జవాబు లేదు. ఆ రోజు రికార్డింగులో ఒక్క సెకనూ సినిమాలో లేదు. ఆయనకు మర్యాదగా ఇవ్వాల్సింది ఇచ్చి పంపాం. నిజం చెప్పాలంటే మేం ఆయనను అవమానించాం. మనోధర్మం, అంటే అప్పటికప్పుడు అల్లి వాయించడం, నియమం లేకపోవడమే అనుకున్నది మేమే. కచేరీలో ఒకే పాదాన్ని రకరకాలుగా అల్లే నెరవు ఎంత దూరం పోయినా పల్లవి ఎత్తుగడకు వచ్చి వాలుతుంది. జాజ్‌లోనూ అంతే. ముందు బాణీ వాయిస్తారు. చాలా బాణీలు 32 బార్‌ల చట్రంలో ఉంటాయి: ఒక భాగం, మళ్లీ అదే భాగం, మధ్యలో వేరే భాగం, తిరిగి మొదటి భాగం. ఆ చట్రం మీదే ఒక్కొక్కరూ తమ వంతు ఊహ అల్లుతారు. చివర మళ్లీ బాణీ. వినేవాడికి దారి తప్పకుండా ఉండేది ఆ చట్రం వల్లే.

మా సినిమాలో వాలే చోటు లేదు. నలుగురి పనులూ ఒకదాని తర్వాత ఒకటి వస్తూ పోతున్నాయి. దేన్నీ మునుపు చూసినదానితో పోల్చుకునే వీలు లేదు. రోజూ అదే పని వేరే తీరులో జరుగుతుందన్నది దర్శకుడి మొదటి మాట కదా. తేడా కనబడాలంటే అదే చోటు రెండుసార్లు కనబడాలి. జాజ్‌ను ఎంచుకున్న కారణం సరైనదే. దాన్ని వినబడే చోట పెట్టాడు, ఉండాల్సింది షాట్ల వరసలో.

పని చేసినది

మర్నాడు సినిమాలోంచి సంగీతం మొత్తం తీసేశాను. దర్శకుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "పది రోజులు లేకుండా ఉందాం, తర్వాత మీ ఇష్టం" అన్నాను. సంగీతం పోగానే మరో లోపం బయటపడింది. సగం షాట్లకు నేపథ్య శబ్దమే లేదు, ఎలాగూ జాజ్ వస్తుందని దర్శకుడు మైకు పెట్టలేదు. ఇంకో పావు వంతులో పక్క కొట్టు నుంచి సినిమా పాటలు వినబడుతున్నాయి. వాటిని ఉంచితే ఆ పాటల హక్కులవారికి సమాధానం చెప్పుకోవాలి. అంచేత ఆరు తెల్లవారుజాములు అదే సందులకు వెళ్లి శబ్దాలు మాత్రం రికార్డు చేసుకొచ్చాం: బిందెలో నీళ్లు పడటం, మిషను తొక్కుడు, దూరంగా రైల్వే జంక్షనులో ప్రకటనలు, కొండ మీద గుడి మైకు.

తర్వాత పల్లవి వెతుక్కున్నాం. అది పారేసిన రష్‌లో, అంటే వాడని ముడి ఫుటేజీలో, దొరికింది. దర్శకుడు ప్రతిరోజూ షూటింగు మొదలుపెట్టే ముందు వెలుతురు సరిచూసుకోవడానికి టీ కొట్టు బల్ల మీద కెమెరా పెట్టి, టైలరు షట్టరు తీయడాన్ని ఒక నిమిషం తీసేవాడు. 'టెస్ట్' అని రాసి ఉన్న ఫోల్డరులో 63 షట్టర్లు! ఒకే చోటు, ఒకే చట్రం, 63 ఉదయాలు. ఒక రోజు వాన. ఒక రోజు షట్టరు సగంలో ఇరుక్కుని ఇద్దరు వచ్చి లేపారు. ఒక రోజు తలుపు తీయనే లేదు, మూసిన షట్టరు ముందు కుక్క పడుకుంది. సినిమా మొత్తంలో అందరికన్నా బాగా నటించింది ఆ షట్టరు.

చట్రం అప్పుడు దానంతట అదే పడింది. మొదట షట్టరు, ఇస్త్రీ బండి దగ్గర బొగ్గులు రాజేయడం. రెండోసారి అదే, కానీ ఇంకో రోజుది. మూడో భాగానికి సందు వదిలి బయటికి వెళ్లాలి. అక్కడ ప్రకాశం బ్యారేజీ పెట్టాం. 1957లో పూర్తయిన ఆ బ్యారేజీ 70 గేట్ల దగ్గర దర్శకుడు మే నెలలో తీసినవి ఉన్నాయి, ఆగస్టులో తీసినవీ ఉన్నాయి. వేసవి షాట్‌లో దిగువన ఇసుక తిన్నెలు, వరద షాట్‌లో ఎత్తిన గేట్ల కింద ఎర్రనీళ్లు. ఊళ్లోని కాలువలకు నీళ్లు వచ్చేది అక్కణ్ణుంచే కాబట్టి, నది నుంచి కాలువ మీదుగా సందుకు తిరిగి రావడం సహజంగా కుదిరింది. నాలుగో భాగం మళ్లీ షట్టరు.

మొదట ఆరు నిమిషాల పల్లవి. తర్వాత నాలుగు ఆవృత్తాలు, ఒక్కొక్కటీ 23 నిమిషాలు, ఒక్కో ఆవృత్తంలో ఒక్కో మనిషి వంతు. చివర మళ్లీ ఆరు నిమిషాలు. మొత్తం 104. షాట్లు 380 నుంచి 164కు తగ్గాయి, సగటు షాట్ 38 సెకన్లయింది. తొలి కూర్పు కన్నా ప్రతి షాటూ పొడుగు, సినిమా మాత్రం పొట్టి. నలుగురినీ కలగలిపి చూపే అందమైన షాట్లు రెండు వందలకు పైగా పోయాయి. ఏ షాట్ ఉంచాలన్నదానికి నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే: ఇది ఇంతకుముందు చూసిన దేనికి తేడా? జవాబు లేనిది ఎంత అందమైనదైనా తీసేశాను. గాలిపటం షాట్ దగ్గర రెండు రోజులు గొడవపడ్డాం. అది పోయింది.

సంగీతం తిరిగి వచ్చిన తీరు

పది రోజుల తర్వాత దర్శకుడు తనే 'టేక్ ఫైవ్' వద్దన్నాడు. అయినా ఆ హక్కుల సంగతి రాస్తాను, ఎందుకంటే ఇలా ఎవరిదో రికార్డును తాత్కాలిక సంగీతంగా వేసుకుని వచ్చేవాళ్లు నా దగ్గరికి ఏటా ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. పాతదే కదా, ఎవరు అడుగుతారు అంటారు.

ఒక రికార్డింగులో రెండు హక్కులు ఉంటాయి: బాణీ కట్టినవారిది ఒకటి, ఆ ధ్వనిముద్రణది ఇంకొకటి. మన చట్టంలో ధ్వనిముద్రణకు ప్రచురించిన మరుసటి సంవత్సరం మొదలు 60 ఏళ్లు. 1959 నాటిదైతే 2019తో గడువు తీరింది. బాణీకి మాత్రం కట్టినవారు మరణించిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. ఈ బాణీ కట్టిన పాల్ డెస్మండ్ 1977లో మరణించారు కాబట్టి ఇక్కడ 2037 చివరి వరకూ హక్కు ఉంది. ఈ బాణీ మీద వచ్చే రాబడిని ఆయన అమెరికన్ రెడ్ క్రాస్‌కు రాసిచ్చారు. ఊరికే వాడుకుంటే ఎవరి సొమ్ము తిన్నట్లో చెప్పడానికి ఈ ఒక్క సంగతి చాలు. ఇక అమెరికాలో 1957 నుంచి 1972 ఫిబ్రవరి మధ్య వచ్చిన ధ్వనిముద్రణలకు 2067 ఫిబ్రవరి వరకూ రక్షణ ఉంది. విదేశీ ఉత్సవాలకు పంపాలనుకునేవాడు మన చట్టం ఒక్కటే చూసుకుంటే చాలదు.

కొత్త సంగీతం కోసం పియానో, డబుల్ బేస్, బ్రష్‌లతో వాయించే డ్రమ్ములు, ముగ్గురు వాద్యకారులను హైదరాబాదులో రెండు రోజులకు కుదుర్చుకున్నాం. శాక్సోఫోను వద్దని నేనే పట్టుబట్టాను. మా వీధి పెద్దాయన మళ్లీ ముందుకు వంగకూడదు. 1957 డిసెంబరులో అమెరికన్ జాజ్ ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ పారిస్‌లో ఒక ఫ్రెంచి సినిమాకు దృశ్యాలు చూస్తూ, ముందుగా రాసుకున్నది అతి తక్కువగా ఉంచుకుని, ఒక్క రాత్రిలో వాయించిన సంగతి దర్శకుడికి కంఠతా వచ్చు. మనమూ అలాగే చేద్దామన్నాడు. చెవిలో తాళం కొట్టే క్లిక్ ట్రాక్ లేదు, తెర ముందు కూర్చుని వాయించడమే.

మొదటి రోజంతా వృథా. చూస్తూ వాయిస్తే చెయ్యి దృశ్యానికి దాసోహమంటుంది. ఇస్త్రీ పెట్టె కింద పడినప్పుడల్లా డ్రమ్ములాయన బ్రష్ వేశాడు. కార్టూను పిల్లి మెట్లు దిగుతున్నట్లు వచ్చింది. రాత్రి భోజనాల దగ్గర క్లారినెట్టు ఆయన ప్రశ్న వాళ్లకు చెప్పాను. బేస్ వాయించే అమ్మాయి వెంటనే, "అయితే మమ్మల్ని రెండుసార్లు చూడనిచ్చి తెర ఆపేయండి" అంది. రెండో రోజు అలాగే చేశాం. చూసింది గుర్తు పెట్టుకుని చీకటి తెర ముందు వాయించారు. జ్ఞాపకం మీద వాయిస్తే చిన్న చప్పుళ్లు పోయి ఆ మనిషి నడక మిగులుతుంది. వాళ్లు వాయించిన దానిలో 19 నిమిషాలు సినిమాలో ఉన్నాయి.

ఎక్కడ పెట్టాలన్నదానికి ముందే ఒక నియమం చేసుకున్నాం. కట్ మీద సంగీతం మొదలు కాదు. షాట్ మధ్యలో, అక్కడి శబ్దం అప్పటికే ఒక లయ ఇచ్చాక, దాని పక్కనుంచి వస్తుంది. ఆవృత్తానికి ఒక్కసారే, ఆ మనిషి వంతు ముగిసేటప్పుడు. సరిపోని చోట సంగీతాన్నే రెండు సెకన్ల వరకూ జరిపాను, బొమ్మను జరపలేదు. ఒక్కచోట మాత్రం బేస్ చివరి స్వరం ఆరిపోవడానికి గార్డు గారి షాట్‌ను తొమ్మిది సెకన్లు పెంచాను. ఆ తొమ్మిది సెకన్లలో ఆయన కెమెరా ఆగిందనుకుని మొహం తుడుచుకుంటారు.

రెండో ప్రదర్శన

అదే గది, పద్నాలుగు మంది, అందులో ఐదుగురు పాతవాళ్లే. ముగ్గురు మధ్యలో వెళ్లిపోయారు. ఫోన్లు 31కి బదులు తొమ్మిదిసార్లు వెలిగాయి, వాటిలో సంగీతం దగ్గర రెండే. ఆ తొమ్మిదిలో ఐదు, చదువుకునే అమ్మాయి ఆవృత్తంలోనే. అది ఇప్పటికీ బలహీనంగానే ఉంది. చదవడం బయటికి కనబడే పని కాదు. పేజీ తిప్పడం తప్ప ఒక రోజుకూ ఇంకో రోజుకూ తేడా పట్టుకోలేకపోయాం. ఆ ఆవృత్తం మొత్తం తీసేయాలన్నాను. దర్శకుడు ఒప్పుకోలేదు. ఆ అమ్మాయి అతని చెల్లెలి స్నేహితురాలు కావడం కారణం కాదని అతను అంటాడు.

ఒకాయన నిద్రపోయారు కూడా. అయిపోయాక ఆయనే వచ్చి, "కాసేపు కునుకు పట్టిందండీ. లేచేసరికి మళ్లీ అదే షట్టరు తీస్తున్నారు. ఏమీ పోగొట్టుకోలేదనిపించింది" అన్నారు. ఆ మాట దర్శకుడికి నచ్చలేదు, నాకు చాలా నచ్చింది.

నా నోటుబుక్కులో మిగిలినవి

ప్రేక్షకుడికి విసుగు ఎక్కడ పుడుతుందో మన అంచనాను నమ్మకూడదు. నేను పొడుగు షాట్లను అనుమానించి నాలుగు వారాలు తప్పు చోట కోశాను. ఫోన్ల లెక్క అప్పటికే నా చేతిలో ఉంది, ఆ లెక్కను చదువుకున్నాను కానీ దాని మీద పని చేయలేదు. వృత్తి అలవాటు అంత గట్టిది.

తాత్కాలిక సంగీతాన్ని ఎడిటింగు మొదటి రోజునే తీసేయమని ఇప్పుడు అందరికీ చెబుతున్నాను. హక్కులకన్నా పెద్ద నష్టం, అది నేపథ్య శబ్దాలు లేని సంగతిని దాచిపెడుతుంది.

పారేసిన ఫోల్డరును ఇప్పుడు మొదటే చూస్తున్నాను. మనిషి ఆలోచించకుండా రోజూ తీసిన దానిలో అతనికే తెలియని క్రమం ఉంటుంది. క్లారినెట్టు విద్వాంసుణ్ణి పిలిచేముందు ఆయన విద్య గురించి ఒక పూట ఆయనతోనే మాట్లాడి ఉండాల్సింది. ఆయన పేరు కృతజ్ఞతల పట్టికలో వేశాం, వాయించినందుకు కాదు.

అన్నీ ముగించి లాక్ చేశాక, పంపేముందు ఇస్త్రీ ఆవిడను ఇంటికి పిలిచి చూపించాం. తన ఆవృత్తం వచ్చేవరకూ ఆవిడ ఏమీ అనలేదు. పెట్టె కింద పెట్టే షాట్ దగ్గర, సరిగ్గా బేస్ వచ్చేముందు, "ఆ చప్పుడు నాది కాదు" అంది. నిజమే. ఆ షాట్‌కు శబ్దం లేక మేం ఇంకో ఉదయం తెచ్చిన చప్పుడు వేశాం. "పెట్టె మీదేనమ్మా" అన్నాను. "పెట్టె నాదే. బొగ్గులు అయిపోయిన పెట్టె అది, ఖంగుమంటోంది. ఇక్కడ పట్టుచీర చేస్తున్నాను కదా. బూడిద పెట్టెతో పట్టుచీర చేస్తానా?" అంది.

బొగ్గులు నిండుగా ఉన్న పెట్టె చప్పుడు కోసం మర్నాడు ఉదయం బండి దగ్గరికి వెళ్లాం. అది బరువుగా, పొట్టిగా ఉంది, వెంటనే ఆగిపోతోంది. దాని వెనక బేస్ పాత చోటనే ఉంటే తొందరపడినట్లు అనిపించింది. పదకొండు ఫ్రేములు వెనక్కి జరిపాను.